కుడి డోరు మీద గీత

ఎనిమిదేళ్ళుగా ఒక గీతను మోస్తున్నాను. జానెడు పొడవు, వెంట్రుకంత లోతు, అంతే. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా కనిపిస్తే నేను మళ్ళీ అబద్ధమే ఆడతాను. నా సంగతి నాకు తెలుసు.

నేను బండ్లకు స్టిక్కర్లు వేస్తాను. మన దగ్గర రేడియం షాపు అంటారు చూడండి, అదే. ఇప్పుడు పేరు మారి వినైల్ గ్రాఫిక్స్ అయింది. బోర్డు ఇంగ్లీషులోకి మారింది కానీ పని పాతదే. కార్ల బానెట్ల మీద చారలు, కంపెనీ బస్సుల మీద కంపెనీ పేర్లు, బైకుల ట్యాంకుల మీద మంటలు. మాది తెనాలి దగ్గర ఊరు. ఇంజినీరింగు చదవనివాడు కూడా హైటెక్ సిటీలో బతకగలడని మా బావ దగ్గర పందెం కాసినట్టు చెప్పి మరీ వచ్చాను. మియాపూర్‌లో మా ఓనర్ షాపులో చేరాను. నాకు పని నేర్పింది సత్తన్న.

సత్తన్న గురించి చెప్పాలంటే ఆయన గోరు గురించి చెప్పాలి. కుడిచేతి బొటనవేలి గోరు. స్టిక్కర్ అతికించాక కళ్ళు మూసుకుని, ఆ గోరును అంచు వెంట చివరిదాకా నడిపించేవాడు. ఎక్కడైనా తట్టుకుంటే పీకి మళ్ళీ వేయాల్సిందే. కస్టమర్ తొందరపడినా, ఓనర్ అరిచినా, ఆ గోరు తన దారిన తాను నెమ్మదిగా నడిచేది. ఆయనకు ఇంకో నియమం ఉండేది. బండి మీద కత్తి పెట్టకూడదు. చాలామంది వినైల్‌ను, అంటే ఆ స్టిక్కర్ షీటును, డోరు మీద పరిచి, అక్కడికక్కడే బ్లేడుతో కోసేస్తారు. చెయ్యి కాస్త బరువైతే బ్లేడు వినైల్‌ను దాటి రంగులోకి దిగుతుంది. అందుకని ఆయన నేరుగా ఉన్నవన్నీ టేబుల్ మీదే కోసి తెచ్చేవాడు. వంపులు ఉన్నచోట దారం టేపు వాడేవాడు. ముందు డోరు మీద సన్నటి దారం ఉన్న టేపు అతికించి, దాని మీద వినైల్ పరిచి, తర్వాత దారాన్ని పైకి లాగుతారు. దారమే వినైల్‌ను కోసుకుంటూ వస్తుంది. బ్లేడుతో పనే లేదు.

“రంగంటే బండికి తోలు తమ్మీ. తోలు మీద కత్తి వెడ్తరా ఎవరన్న?” అనేవాడు.

నేను మొదటి రోజుల్లో దీన్ని భక్తిగా విన్నాను. తర్వాత విసుగ్గా విన్నాను. దారం టేపు పెట్టడానికే అరగంట పడుతుంది. మిగతా షాపుల్లో ఆ అరగంటలో ఇంకో బండి లోపలికొస్తుంది. అదీగాక, వచ్చిన ప్రతి కస్టమరూ నన్ను చూసి, “సత్తన్న లేడా?” అని అడిగేవాడు. ఉన్నాడు బాబూ, ఉన్నాడు. నేను కూడా ఉన్నాను కదా ఇక్కడ! నాకేమైనా చేతులు లేవా? ఒళ్ళు మండేది. ఆ మంట గురించి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, దాన్ని పక్కన పెట్టి మిగతాది చెబితే అది సగం అబద్ధమవుతుంది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు చేసిన బండికి వాళ్ళు డోరు తెరిచి, కీలు పక్కన, బియ్యపుగింజంత వినైల్ ముక్క అంటించాలి. సత్తన్నది ఎరుపు. నాది నీలం. రేపు ఏదైనా లేచిపోయినా, చిరిగినా, డోరు తెరిస్తే ఎవరి పనో తెలిసిపోతుంది. ఎవరికీ వాదించడానికి ఉండదు. ఆ పద్ధతి పెట్టింది కూడా సత్తన్నే.

ఎనిమిదేళ్ళ కిందట, ఎండాకాలంలో, కడప నుంచి వచ్చి ఇక్కడ రియల్ ఎస్టేట్ చేసుకుంటున్న ఒక పెద్దాయన తన తెల్ల బండి తెచ్చాడు. కొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. బానెట్ మీద, రెండు పక్కలా డోర్ల మీద నల్ల చారలు కావాలన్నాడు. చార డోరు హ్యాండిల్ కింద వంపు తిరిగి వెనక చక్రం దాకా వెళ్ళాలి. “సత్తన్న సెయ్యే పడాల. ఇంకెవురూ ముట్టుకోకూడదు” అని నా మొహం మీదే చెప్పి వెళ్ళాడు. సాయంత్రం ఐదుకు వస్తానన్నాడు.

సత్తన్న బానెట్ చేశాడు. ఎడమ పక్క డోర్లు చేశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు నులుముకున్నాడు. నెలరోజులుగా దగ్గరివి మసకగా కనిపిస్తున్నాయని అంటున్నాడు. కంటి దవాఖానలో డాక్టరును చూడడానికి ఆ రోజుకు చీటీ దొరికింది.

“తమ్మీ, నేను పోయొస్త. కుడిదిక్కు నువ్వు చెయ్యి. దారం వెట్టి గుంజు. కత్తి మాత్రం వెట్టకు, జర పైలం” అని వెళ్ళిపోయాడు.

దారం టేపు తీశాను. ముందు డోరుకు సరిపోయింది. వెనక డోరు వంపు దగ్గరికి వచ్చేసరికి రోల్ అయిపోయింది. ఇంకో రోల్ కావాలంటే కూకట్‌పల్లి వెళ్ళాలి. ఆ ట్రాఫిక్‌లో వెళ్ళి రావాలంటే ఐదు దాటుతుంది. ఆ కడపాయనేమో పావుగంటకోసారి ఫోన్. అయిందా? ఎంతవరకు వచ్చింది? సత్తన్నే చేస్తున్నాడు గదా? నేను ఆ ఫోన్‌లో “చేస్తున్నాడండీ” అన్నాను. చూశారా, మొదటి అబద్ధం అక్కడే పడింది. అప్పుడది అబద్ధమని కూడా అనిపించలేదు.

కత్తి తీశాను. తేలిగ్గా పట్టుకుంటే ఏం కాదనుకున్నాను. ఆయన అతి జాగ్రత్త మనిషి, అంతే అనుకున్నాను. కాదు, నిజం చెప్పాలంటే అంతకంటే చెడ్డది అనుకున్నాను. ఆయన నియమం తప్పి కూడా ఆయనంత బాగా చేసి చూపిస్తాను, చూద్దాం, అనుకున్నాను. ఎవరికి చూపిస్తాను? షాపులో ఎవరూ లేరు. ఓనర్ బయటికి వెళ్ళాడు. నాకు నేనే చూపించుకోవాలనుకున్నాను.

హ్యాండిల్ కింద వంపు తిరిగే చోట బ్లేడు చప్పుడు మారింది. వినైల్ కోస్తే చప్పుడు రాదు. రంగు కోస్తే సన్నగా కీచుమంటుంది. ఈ పనిలో ఉన్నవాడు ఆ చప్పుడును ఇట్టే పట్టేస్తాడు. ఆపేశాను. అప్పటికే జానెడు కోసేశాను. మిగులు ముక్క పీకి చూస్తే, తెల్ల రంగులో సన్నటి గీత, అడుగున ఇనుము మెరుస్తోంది.

ఓనర్‌కు ఫోన్ చేయాల్సింది. సత్తన్న వచ్చేదాకా ఆగాల్సింది. ఏదీ చేయలేదు. హీట్ గన్ తీసుకుని వినైల్ అంచును వేడి చేసి, మెత్తబడ్డాక బొటనవేలితో ఇవతలికి లాగి, ఆ గీత మీదుగా కప్పేశాను. వేడి చేస్తే వినైల్ సాగుతుంది. రెండు మిల్లీమీటర్లు చాలు. ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా నొక్కాను. గీత మాయమైంది. లాగి అంటించిన వినైల్ ఎప్పటికైనా వెనక్కి జరుగుతుందని నాకు తెలుసు. కానీ ఆ ఎప్పటికైనా అన్నది ఆ పూట కాదు కదా.

సత్తన్న నాలుగున్నరకు వచ్చాడు. చదువుకునే అద్దాలు రాశారట, అంతే, కంగారేం లేదన్నారట. సంతోషంగా ఉన్నాడు. కళ్ళు మూసుకుని కుడి డోరు అంచు మీద గోరు నడిపించాడు. నా గుండె ఆ గోరు వెనకాలే నడిచింది. ఎక్కడా తట్టుకోలేదు.

“ఏంరా ఆంధ్రా తమ్మీ, నన్ను ఇంటికి పంపిస్తవా ఏంది గిట్ల చేసి?” అని నవ్వి వీపు మీద చరిచాడు.

ఆ తర్వాత డోరు తెరిచాడు. కస్టమర్ తన చెయ్యే పడాలన్నాడు కాబట్టి బండి బాధ్యత తనదే అన్నాడు. కీలు పక్కన ఎర్ర చుక్క అంటించాడు. నా నీలం ముక్క నా జేబులోనే ఉండిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. చెప్పాలని ప్రయత్నం కూడా చేయలేదు, హమ్మయ్య అనుకున్నాను.

ఇంతవరకే అయితే పిరికితనం అని సరిపెట్టుకునేవాణ్ణి. అసలుది ఇది కాదు.

రెండేళ్ళు గడిచాయి. ఆ కడపాయన బండి అమ్మదలచి చారలు పీకించాడట. నేరుగా షాపు ముందుకు తెచ్చి ఆపాడు. కుడి పక్క వెనక డోరు మీద జానెడు గీత, చుట్టూ తుప్పు పొంగి రంగు పొరలు పొరలుగా లేచింది. “ఏందప్పా ఇది? సత్తన్న సెయ్యి అని నమ్మి ఇస్తే ఇట్ల సేస్తారా?” అని రోడ్డు మీద నిలబడి కేకలు వేశాడు. పక్క షాపుల వాళ్ళంతా బయటికొచ్చారు. ఓనర్ వెళ్ళి డోరు తెరిచాడు. ఎర్ర చుక్క రెండేళ్ళైనా చెక్కు చెదరకుండా ఉంది.

సత్తన్న అద్దాలు పెట్టుకుని వంగి, ఆ గీతను చాలాసేపు చూశాడు. గోరు పెట్టాడు. అది తుప్పులో ఇరుక్కుంది. తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు. ఆయన నన్ను నిలదీయలేదు, సాయం అడిగాడు.

“తమ్మీ, నాకు యాదికి లేదు. ఈ డోరు నేను కోసిన్నా, నువ్వు కోసినవా?”

“నువ్వే అన్నా. ఆ బండి మొత్తం నువ్వే చేశావు కదా.”

“గట్లనా?”

“అవునన్నా.”

“నేను కత్తి వెట్టిన్నా బండి మీద?”

“పెట్టావేమో అన్నా. ఆ రోజు తొందరలో ఉన్నాం.”

అంతే. ఇదే నేను చెప్పదలచింది. కత్తి జారడం తప్పు కాదనను, కానీ అది చేతి తప్పు. ఈ మాట నా నోటితో, తెలిసి, ఆయన కళ్ళలోకి చూసి చెప్పింది. ఆయన మధ్యాహ్నం కంటి దవాఖానకు వెళ్ళాడని నాకు గుర్తుంది. ఆయనకు గుర్తు లేదు. ఆ ఒక్క మాట అందిస్తే చాలు, అన్నీ గుర్తొచ్చేవి. నేను అందించలేదు.

ఎందుకు చెప్పానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో! ఆ వారమే ఓనర్ నానక్‌రామ్‌గూడలో రెండో షాపు తెరుస్తానని చెప్పాడు. దాన్ని చూసుకోవడానికి నా పేరు అనుకున్నాడు. అది చేజారుతుందని భయపడ్డాను. ఇది ఒక కారణం. కానీ ఇంకోటి కూడా ఉంది. రోడ్డు మీద అందరూ చూస్తుండగా “సత్తన్న చెయ్యి” తప్పు చేసిందని తేలినప్పుడు నాలో ఎక్కడో ఒక మూల చల్లగా అనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను! అన్నం పెట్టినట్టు పని నేర్పినవాడు అక్కడ తలొంచుకుని నిలబడితే నాకు చల్లగా అనిపించడమేమిటి?

ఓనర్ ఆయన్ని ఒక్క మాట అనలేదు. డోరుకు రంగు వేయించి కడపాయనను పంపేశాడు. ఎవరికైనా పొరపాటు జరుగుతుందన్నాడు. షాపువాళ్ళెవరైనా తిట్టి ఉంటే సత్తన్న బహుశా ఎదురు తిరిగి ఆలోచించేవాడు. ఓనరే తిట్టకపోయేసరికి తనను తానే నిలదీసుకున్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే షాపు తెరవగానే పాత పేపరు టేబుల్ మీద పరిచి, స్కేలు లేకుండా కత్తితో గీతలు కోసేవాడు. పది గీతలు. పేపరెత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు. అన్నీ దారం పట్టినట్టు వచ్చేవి. ఒక్కటి కూడా వంకర పోలేదు, నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

“సాఫుగనే వస్తున్నయి గదరా. మరి ఆ దినం ఏమైంది?” అని నన్నే అడిగేవాడు.

నన్నే! ప్రపంచంలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన ఒక్కగానొక్కణ్ణి నేను. నేనేమో హీట్ గన్ వైరు చుట్టుకుంటూ, “వదిలెయ్యన్నా, అయిపోయిందిగా” అనేవాణ్ణి. అప్పటికే కళ్ళు పోతుండెనేమో, తనకే తెల్వలేదేమో అని ఆయనకు ఆయనే జవాబు చెప్పుకున్నాడు. కోసిన సంగతి కూడా యాది లేదంటే బుర్ర కూడా పోతున్నట్టే కదా అన్నాడు ఒకరోజు, నవ్వుతూనే. ఆ నవ్వు చూసి నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు, మంచినీళ్ళు తాగి వచ్చాను.

మెల్లగా బండ్ల దగ్గరికి రావడం మానేశాడు. టేబుల్ పని చూసుకునేవాడు. తర్వాత అది కూడా కంప్యూటర్‌తో కోసే ప్లాటర్ మెషిన్‌కు వదిలేశాడు. “సత్తన్న లేడా?” అని వచ్చిన వాళ్ళకు నన్ను చూపించేవాడు. నేను రెండో షాపుకు వెళ్ళకముందే, ఏడాది తిరగకుండానే పని మానేశాడు. వెళ్ళే రోజు తన కత్తి నాకిచ్చాడు. పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది, చెమటకు జారకుండా. “నీ చెయ్యి వణకదు తమ్మీ. నా లెక్క గాకు” అన్నాడు. తీసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని తీసుకున్నానో అడక్కండి. ఆ కత్తితోనే ఇన్నేళ్ళూ టేబుల్ మీద కోస్తున్నాను. బండి మీద మాత్రం ఆ డోరు తర్వాత ఇంతవరకు పెట్టలేదు. అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమన్నట్టు నాలో నేను చెప్పుకుంటాను కూడా.

ఆయనకు అంతా తెలుసేమోనని ఒక్కోసారి అనుకుంటాను. తెలిసీ నన్ను క్షమించి వదిలేశాడేమోనని. ఎంత హాయిగా ఉంటుందో ఆ ఊహ! కానీ తెలిసినవాడు రోజూ పొద్దున్నే పేపరు కోసుకుని చూసుకోడు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు బయటికొచ్చిందంటే, పోయిన వారం రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ వాళ్ళు తమ బండ్లకు కొత్త గ్రాఫిక్స్ వేయమన్నారు. పని వాళ్ళ పార్కింగ్‌లోనే చేయాలి. గేటు దగ్గర నీలం యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ మనిషి, కర్రకు బిగించిన అద్దాన్ని మా వ్యాన్ కిందికి తోసి చూసి, తల ఎత్తాడు. సత్తన్న.

“అరే తమ్మీ!” అన్నాడు. ఎంత సంతోషమో ఆ మొహంలో!

మధ్యాహ్నం అన్నం బాక్సు పట్టుకుని నేను పని చేస్తున్న చోటికి వచ్చి కూర్చున్నాడు. నేను దారం లాగుతుంటే చూశాడు. కాసేపటికి లేచి, కళ్ళు మూసుకుని, అంచు మీద గోరు నడిపించాడు. వెనక మూలలో ఆగాడు. అక్కడ అంచు లేచి ఉంది. ఎంత? వెంట్రుకవాసి. నా కళ్ళకు కనపడలేదు. ఆయన గోరుకు దొరికింది.

నా చేతిలో ఆయన కత్తే ఉంది. వెంట తెచ్చిన టేబుల్ మీద ముక్క మళ్ళీ కోసి ఆ మూల వేయాలి. “అన్నా, ఈ ముక్క నువ్వు కోయ్” అని కత్తి చాపాను. గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ముట్టుకోవద్దని ఎవరో గదమాయించినట్టు.

“వద్దురా. నా చేతిని నేనే నమ్మ” అన్నాడు.

అప్పుడు చెప్పాలి. ఆ క్షణమే చెప్పాలి. నోరు తెరిచాను, “అన్నా, ఆ రోజు...” అన్నాను. “ఏ దినం?” అన్నాడు. గేటు దగ్గర ఎవరో విజిల్ ఊదారు. “ఇగ పోతా” అని బాక్సు మూసుకుని, అద్దం కర్ర తీసుకుని పరుగెత్తాడు. నేను ఆ విజిల్ ఊదినవాడికి మనసులో దండం పెట్టాను. అదీ నా బతుకు. ఎనిమిదేళ్ళు చెప్పలేకపోయానని ఏడుస్తూ, అడ్డొచ్చిన విజిల్‌కు దండం పెట్టుకునేవాణ్ణి.

అక్కడ ఇంకా రెండు బండ్లు మిగిలున్నాయి. రేపు కూడా ఆ గేటులోంచే లోపలికి వెళ్ళాలి. చెబుతానని మాటివ్వను. నా మాటకు ఎంత విలువుందో మీరిప్పుడే చదివారు. ఇక్కడ రాసినంత మాత్రాన ఆయనకేమీ తిరిగి రాదని కూడా తెలుసు. చదువుతున్నది మీరు, ఆయన కాదు. అయినా ఒక్కసారి, ఎక్కడైనా సరే, ఆ ప్రశ్నకు సరైన జవాబు రాసి చూడాలని ఉంది. ఆరేళ్ళ కిందట ఆయన నన్ను అడిగాడు, ఈ డోరు నేను కోసిన్నా, నువ్వు కోసినవా అని.

నేను కోశానన్నా. నువ్వు ఆ పూట దవాఖానలో ఉన్నావు. నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు.